సోలింగెన్ నుంచి వచ్చిన మోత: యాక్సెప్ట్ బ్యాండ్, వాళ్ల ప్లేట్లు

(డ్యూసెల్‌డార్ఫ్‌లో తెలుగువాళ్లం కలుసుకున్న సాయంత్రం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ బల్ల మీద కొన్ని ప్లేట్లు, అంటే పాటల గ్రామఫోన్ రికార్డులు, పెట్టాను, మాట్లాడడం అయ్యాక చూద్దురుగాని.

మొదట ఒక ప్రశ్న. ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది ఇంట్లో సోలింగెన్ కత్తి ఉంది? చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైనే ఉంది. ఇండియా వెళ్లేటప్పుడు అమ్మకో, అత్తగారికో, పిన్నికో ఏం తీసుకెళ్లాలి అంటే చాక్లెట్ల తర్వాత మనకు గుర్తొచ్చేది అదే కదా. ఇక్కణ్నుంచి రైలెక్కితే అరగంటలో దిగిపోయే ఊరు సోలింగెన్. వందల ఏళ్లుగా అక్కడ కత్తులు, కత్తెరలు చేస్తున్నారు. ఆ ఊరి నుంచే ప్రపంచమంతా తిరిగినది ఇంకొకటి ఉంది, అది మనవాళ్లలో చాలామందికి తెలియదు. యాక్సెప్ట్ అనే హెవీ మెటల్ బ్యాండ్. మనం ఉండే ఈ ప్రాంతం వాళ్లే. మన పక్క ఊరి వాళ్లే.

జర్మన్ మెటల్ అనగానే మీరు స్కార్పియన్స్ అంటారు. ఔను, వాళ్లు హానోవర్ వాళ్లు, చాలా గొప్పవాళ్లు, 2007లో మన షిల్లాంగ్‌లో, బెంగళూరులో కూడా పాడి వెళ్లారు. నాకు వాళ్లంటే గౌరవం ఉంది. అయినా ఈ రోజు యాక్సెప్ట్ గురించే మాట్లాడతాను, ఎందుకంటే వాళ్ల కథ మొత్తం వాళ్ల ప్లేట్ల మీదే దొరుకుతుంది. అట్ట మీద ఒకటి రాసి ఉంటుంది, గాడిలో ఇంకొకటి వినిపిస్తుంది, మధ్యలో ఉండే గుండ్రటి కాగితం మూడో సంగతి చెప్తుంది. ఈ మూడూ కలిపి చదవడం వస్తే ఒక బ్యాండ్ ఎలా పుట్టింది, ఎవరితో గొడవపడింది, ఎక్కడ గెలిచింది అన్నీ తెలుస్తాయి. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

హెవీ మెటల్ ఎప్పుడూ విననివాళ్ల కోసం రెండు ముక్కలు. పెద్ద శబ్దంతో గిటార్లు, సాధారణంగా రెండు గిటార్లు. డ్రమ్ముల దగ్గర కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఒకటి ఉంటుంది కదా, దాన్ని కొంతమంది రెండు కాళ్లతో కొడతారు. దాని మీద గొంతు చించుకుని పాడే మనిషి. యాక్సెప్ట్‌లో ఆ మనిషి ఊడో డిర్క్‌ష్నైడర్. పొట్టిగా ఉంటాడు, మిలటరీ రంగుల బట్టలు వేసుకుంటాడు, ఆ గొంతు మాత్రం రంపంతో కర్ర కోసినట్టు ఉంటుంది. మొదటిసారి వింటే ఇదేం గొంతు అనిపిస్తుంది. అలవాటైతే ఇంకెవరు పాడినా చప్పగా ఉంటుంది. గిటార్ వోల్ఫ్ హాఫ్‌మన్, బేస్ గిటార్ పీటర్ బాల్టెస్, డ్రమ్ములు స్టెఫాన్ కౌఫ్‌మన్. రెండో గిటార్ దగ్గర మాత్రం మనుషులు మారుతూ వచ్చారు, యోర్గ్ ఫిషర్ కొన్నాళ్లు, హెర్మన్ ఫ్రాంక్ కొన్నాళ్లు. ఈ రెండో గిటార్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కథ 1968లో మొదలైంది. వేలాడే రైలు ఉంటుందే, మనవాళ్లు వచ్చినప్పుడల్లా తీసుకెళ్లి ఎక్కిస్తాం, ఆ వుపర్టాల్‌లో. అక్కడ ఊడో, మైకేల్ వాగెనర్ అనే స్నేహితుడు కలిసి కుర్రతనంలో ఒక బ్యాండ్ పెట్టారు. ఆ వాగెనర్ తర్వాత గిటార్ వదిలేసి రికార్డింగ్ ఇంజినీరయ్యాడు, అమెరికా వెళ్లాడు, 1986లో మెటాలికా అనే పెద్ద అమెరికన్ మెటల్ బ్యాండ్ వాళ్ల మూడో ఆల్బమ్‌ని మిక్స్ చేసింది ఆయనే. అంటే ఈ చిన్న ఊళ్ల స్నేహాలు ఎక్కడిదాకా పోయాయో చూడండి. మనుషులు వస్తూ పోతూ, 1976కి హాఫ్‌మన్, బాల్టెస్ చేరాక బ్యాండ్‌కి ఒక రూపం వచ్చింది, అదే ఏడాది రాక్ అమ్ రైన్ అనే ఉత్సవంలో వాయించారు. రైన్ అంటే మన రైన్ నదే, కిటికీ తీస్తే కనిపించేది.

ఇదిగో ఇది మొదటి ప్లేటు, 1979. బ్యాండ్ పేరే ఆల్బమ్ పేరు. అట్ట మీద ఒక అమ్మాయి, చేతిలో మోటారు రంపం. లోపలి ప్లేటు మధ్యలో లేబుల్, అంటే ఆ గుండ్రటి కాగితం, చూడండి, బ్రెయిన్ అని ఉంది. బ్రెయిన్ అనేది హాంబుర్గ్‌లో మెట్రోనోమ్ కంపెనీ కింద 1970ల మొదట్లో మొదలైన సంస్థ, ఇలా ప్లేట్లు వేసే సంస్థనీ లేబుల్ అనే అంటారు. అప్పట్లో జర్మన్ కుర్రాళ్లు ఇంగ్లిష్ వాళ్లని అనుకరించకుండా కొత్తగా చేస్తున్న సంగీతం కోసం పెట్టింది. స్కార్పియన్స్ మొదటి ప్లేటు కూడా 1972లో దీని మీదే వచ్చింది. బ్రెయిన్ పాత ప్లేట్లకు ఆకుపచ్చ లేబుల్ ఉంటుంది, తర్వాతి వాటికి నారింజ రంగు. పాత సామాన్ల సంతలో పెట్టె తిరగేస్తున్నప్పుడు ఆకుపచ్చ బ్రెయిన్ కనిపిస్తే చెయ్యి అక్కడే ఆగాలి.

ఇంకా లేబుల్ మీద ఏమేం చూడాలి? జెమా అని రాసి ఉంటే అది పాటలు రాసినవాళ్లకు హక్కుల డబ్బు వసూలు చేసే జర్మన్ సంస్థ, అంటే ప్లేటు ఈ దేశంలో అమ్మడానికి చేసి ఉండొచ్చు. ఎల్‌సీ అని చిన్న పెట్టెలో ఒక అంకె ఉంటే అది లేబుల్ కోడ్, 1970ల చివర్నుంచి కనిపిస్తుంది. అంచు చుట్టూ చీమల బారులా జర్మన్‌లో హక్కుల హెచ్చరిక ఉంటుంది. మీరు జర్మన్ భాష పరీక్షలకి బి1, బి2 అని కష్టపడి చదువుతున్నారు కదా, ఆ వాక్యం మొత్తం చదివి అర్థం చేసుకోగలిగితే పరీక్ష పాసైనట్టే.

సరే, ఈ మొదటి అట్ట మీద డ్రమ్ములు ఎవరివని ఉంది? కౌఫ్‌మన్ పేరు ఉంది. గాడిలో వాయించింది మాత్రం అంతకుముందు ఉన్న ఫ్రాంక్ ఫ్రీడ్రిష్. రికార్డింగ్ అయ్యాక ఆయన వెళ్లిపోయాడు, ప్లేటు బయటికి వచ్చేసరికి కౌఫ్‌మన్ వచ్చాడు, అట్ట మీద కొత్తవాడి పేరు వేశారు. ఎవరో చెమటోడ్చి వాయించారు, పేరు ఇంకొకరిది పడింది. ఇది నాకు బాధగానే ఉంటుంది, అందుకే ఈ ప్లేటు ఎవరికి చూపించినా ఆ పేరు చెప్తాను. ఇంకో సంగతి, ఇందులో రెండు పాటలు ఊడో పాడలేదు, బేస్ వాయించే బాల్టెస్ పాడాడు. మెత్తటి గొంతు. మొదటి మూడు ఆల్బమ్‌లలోనూ బాల్టెస్ పాడిన పాటలు ఉన్నాయి. అంటే అప్పటికి తామేమిటో వాళ్లకే తేలలేదు, అర్థమవుతోందా? కాస్త మెత్తగా కావాలా, గట్టిగా కావాలా అని ఊగిసలాట.

రెండోది 1980, అయామ్ ఎ రెబెల్. దీని గురించి ఎక్కువ చెప్పను. పేరు పాట, అంటే ఆల్బమ్ పేరే ఉన్న పాట, బయటివాళ్లు రాసిచ్చింది, ఏసీడీసీ అనే రాక్ బ్యాండ్‌లోని అన్నదమ్ములు ఆంగస్, మాల్కమ్ యంగ్‌ల అన్న అలెగ్జాండర్ రాశాడు. రేడియోలో ఆడుతుందని ఆశ. అంతగా ఆడలేదు.

మూడోదానికి వచ్చేసరికి మారిపోయారు. బ్రేకర్, 1981. వినేవాళ్లు ఏమనుకుంటారో అన్న టెన్షన్ పక్కన పెట్టి తమకు నచ్చినట్టు చేశారు. రికార్డింగ్ ఇంజినీరు ఎవరు? చిన్ననాటి స్నేహితుడు వాగెనర్. గిటార్లు మొదటిసారి పదునుగా వినిపించాయి. ఆ ఏడాదే జూడాస్ ప్రీస్ట్ అనే పెద్ద ఇంగ్లిష్ బ్యాండ్ యూరప్ తిరుగుతుంటే వాళ్లకు ముందు వాయించే అవకాశం వచ్చింది. ప్లేట్లు కొనేవాళ్లకు బ్రేకర్‌లో ఒక సరదా ఉంది. ఇందులో ఒక పాట నిండా బూతులే. బ్రిటన్‌లో అలా కుదరదని అక్కడి ప్లేటు కోసం మాటలు మార్చి, మళ్లీ పాడి, పాట పేరు కూడా మార్చి వేశారు. అదే ట్యూను, అదే గిటార్, మాటలు వేరు. కాబట్టి జర్మన్ ప్లేటు, బ్రిటిష్ ప్లేటు రెండూ ఉంటే తప్ప ఆ ఆల్బమ్ మొత్తం మీ దగ్గర ఉన్నట్టు కాదు. నెట్‌లో విన్నప్పుడు ఇది మీకు ఎవరైనా చెప్తారా? ప్లేటు వెనక పాటల పేర్లు చదివితే కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కాస్త ఓపిక పట్టండి, దీని దగ్గర ఎక్కువసేపు ఉంటాను. రెస్ట్‌లెస్ అండ్ వైల్డ్. 1982. అట్ట మీద మండుతున్న గిటార్లు. కొలోన్ పక్కన ష్టొమ్మెల్న్ అనే పల్లె ఉంది, అక్కడ డీటర్ డీర్క్స్ అనే నిర్మాత స్టూడియో, స్కార్పియన్స్ ప్లేట్లు చేసినాయన. అక్కడ రికార్డు చేశారు.

ముల్లు పెట్టగానే ఏం వినిపిస్తుంది? మెటల్ వినిపించదు. పాత గ్రామఫోన్ ప్లేటు గరగర. ఆ గరగరలో ఒక జానపద పాట, హైడీ హైడో హైడా అంటూ. చేతిలో రెండు చిల్లర నాణేలున్న బాటసారి, ఒకటి నీళ్లకు, ఒకటి ద్రాక్షసారాకు అని పాడుకుంటూ పోయే పాట అది, 19వ శతాబ్దంలో ష్లిప్పెన్‌బాఖ్ అనే కవి రాసింది. ఇక్కడి ముసలివాళ్లందరికీ తెలుసు, మీ పక్కింటి తాతగారిని అడగండి. హాయిగా రెండు ముక్కలు పాడతారో లేదో, బర్రుమని ముల్లు ప్లేటుకి అడ్డంగా ఈడ్చుకుపోయిన చప్పుడు. వెంటనే ఊడో కేక. వెంటనే డ్రమ్ములు, రెండు కాళ్లతో, 1982లో చాలామంది అంత వేగం విని ఉండరు. పాట పేరు ఫాస్ట్ యాజ్ ఎ షార్క్. తర్వాత వచ్చిన స్పీడ్ మెటల్, త్రాష్ మెటల్ అనే వేగమైన రకాలన్నిటికీ ఇదొక మూలం అని ఆ సంగీతం వాళ్లే ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఆలోచించండి. మీరు కొత్త ప్లేటు కొన్నారు. ఇంటికి తెచ్చారు. జాగ్రత్తగా ముల్లు పెట్టారు. గరగర వచ్చింది, అయ్యో ప్లేటు పాడైందా అనుకున్నారు. తర్వాత ముల్లు ఈడ్చుకుపోయిన చప్పుడు, గుండె జారిపోతుంది, లేచి ప్లేయర్ దగ్గరికి పరుగెత్తుతారు. ఫోన్లో వింటే ఈ భయం కలుగుతుందా? కలగదు. ఫోన్లో ముల్లే లేదు. ప్లేటు మీద వినే మనిషిని మనసులో పెట్టుకుని చేసిన తమాషా ఇది. ప్లేటు మీద వింటేనే దాని బలం తెలుస్తుంది.

ఆ జానపద పాటకు ఇంకో చరిత్ర కూడా ఉంది, అది చెప్పకుండా పోకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు కవాతు చేస్తూ దాన్ని పాడేవాళ్లు. జర్మనీ ఆక్రమించిన దేశాల్లో పెద్దవాళ్లకు ఆ హైడీ హైడో వింటే బూట్ల చప్పుడు గుర్తొచ్చేది. అమాయకమైన పాటే, పాడినవాళ్ల వల్ల దానికి ఆ మరక పడింది. ఆ పాటని సగంలో కోసేసి, మీదనుంచి కొత్త తరం కుర్రాళ్లు కేక పెట్టి మొదలెట్టడం, వాళ్లు ఉద్దేశించి చేసినా చేయకపోయినా, నాకు చాలా నచ్చుతుంది. ఈ దేశంలో బతుకుతున్నవాళ్లకి ఆ కేకలో ఏదో అందుతుంది.

దీనికి సంబంధించి కాస్త సాంకేతిక విషయం, భయపడకండి. పెద్ద ప్లేటు 12 అంగుళాలు, నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. బయటి అంచు దగ్గర, లోపల లేబుల్ దగ్గర, రెండుచోట్లా తిరిగే వేగం ఒకటే, కానీ ముల్లు కింద సాగే గాడి పొడవు ఒకటి కాదు. అంచు దగ్గర సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి సాగుతుంది, లోపలికి వచ్చేసరికి దాదాపు 20 సెంటీమీటర్లే. అదే సంగీతం తక్కువ చోటులో ఇరుక్కోవాలి. అందుకే లోపలి పాటల్లో డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళాల చప్పుడు, స, ష అక్షరాలు కాస్త చీదరగా వినిపిస్తాయి. మరి వేగమైన, తాళాలు దద్దరిల్లే పాట ఎక్కడ పెట్టాలి? అంచున. ఫాస్ట్ యాజ్ ఎ షార్క్ ఎక్కడుంది? మొదటి వైపు, మొదటి పాట, అంచున. రెండో వైపు చివర, లేబుల్ దగ్గర ఏముంది? ప్రిన్సెస్ ఆఫ్ ద డాన్, నింపాదిగా నడిచే పొడుగు పాట. కావాలని లెక్కవేసి పెట్టారో, చెవితో పెట్టారో గానీ ప్లేటుకి సరిగ్గా సరిపోయింది.

ఆ చివరి పాట ఎలా ముగుస్తుందో తెలుసా? ముగియదు. మాట మధ్యలో టక్కున తెగిపోతుంది, ఎవరో ముల్లు లేపేసినట్టు. ముల్లు ఈడ్చిన చప్పుడుతో మొదలైన ప్లేటు, ముల్లు లేపినట్టు ఆగిపోతుంది! మధ్యలో నలభై మూడు నిమిషాలు. మన భాషలో ఒకే మాట తిప్పితిప్పి చెప్పేవాణ్ని అరిగిపోయిన రికార్డు అంటాం కదా, ప్లేటు పాడవడాన్ని కూడా సంగీతంలో భాగం చేసుకున్నవాళ్లు వీళ్లు.

ఇంకో సంగతి చూడండి. ఇదే 1982లో, ఆగస్టులో, హానోవర్ పక్కన లాంగెన్‌హాగెన్ ఫ్యాక్టరీలో ప్రపంచంలోనే మొదటి అమ్మకపు సీడీలు తయారయ్యాయి. గుండ్రటి చదును ప్లేటు కనిపెట్టిన ఎమిల్ బెర్లీనర్ పుట్టింది కూడా హానోవర్‌లోనే, 1898లో ఆయన అక్కడే కంపెనీ పెట్టించాడు. ప్లేటు పుట్టించిన ఊరి పక్కనే ప్లేటుని దెబ్బకొట్టే సీడీ పుట్టింది. అదే ఏడాది అక్టోబరులో, అదే దేశంలో, ఈ సోలింగెన్ కుర్రాళ్లు ముల్లు గీతతో మొదలయ్యే ఆల్బమ్ తెచ్చారు. ఒకదానితో ఒకదానికి సంబంధం ఉందనను. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

రెండో గిటార్ గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఈ అట్ట మీద హెర్మన్ ఫ్రాంక్ పేరు ఉంది. ఆయన ఇందులో ఒక్క స్వరం కూడా వాయించలేదు. గిటార్లు మొత్తం హాఫ్‌మన్ ఒక్కడే వాయించాడు. యోర్గ్ ఫిషర్ వెళ్లిపోయాడు, ఫ్రాంక్ తర్వాత చేరాడు, బ్యాండ్ ఐదుగురిదిలా కనిపించాలి కాబట్టి పేరు పడింది. మొదటి ప్లేటులో డ్రమ్ముల సంగతే మళ్లీ జరిగింది. అట్టని నమ్మొచ్చు, నమ్మేముందు చెవితో ఒకసారి సరిచూసుకోండి.

తర్వాత బాల్స్ టు ద వాల్. జర్మనీలో 1983 డిసెంబరు, అమెరికాలో 1984 జనవరి. వీళ్లని ప్రపంచానికి పరిచయం చేసిన ప్లేటు ఇదే, అమెరికాలో సీబీఎస్ వాళ్ల పోర్‌ట్రెయిట్ లేబుల్ మీద వచ్చింది. వేగం తగ్గింది, బరువు పెరిగింది. పేరు పాట అణగదొక్కబడ్డవాళ్లు ఒకరోజు తిరగబడతారు అని చెప్తుంది. ఈ ప్లేటులో పాటల రచన దగ్గర డీఫీ అని ఒక పేరు ఉంటుంది. ఎవరీ డీఫీ? బ్యాండ్‌లో ఆ పేరుతో ఎవరూ లేరు. ఆమె గాబీ హౌకె, వాళ్ల మేనేజరు. మగవాళ్లతో నిండిపోయిన ఆ లోకంలో బేరాలు కుదిర్చింది ఆమె, అట్టల ఆలోచన ఆమెది, ఊడో గొంతులోంచి వచ్చిన ఆ మాటల్లో చాలా భాగం ఆమెవి. తర్వాత హాఫ్‌మన్‌ని పెళ్లి చేసుకుంది. అక్కలూ, చెల్లెళ్లూ, మెటల్ మగపిల్లల గోల అని మీరు అనుకుంటే ఆ చిన్న అక్షరాలు ఒకసారి చదవండి.

ఈ అట్ట చూడండి, నలుపు తెలుపు, ఒక మగవాడి తొడ, పిడికిట్లో ఒక బంతి. అమెరికాలో గొడవైంది. ఇది స్వలింగ సంపర్కుల ఆల్బమా అని పత్రికలవాళ్లు పదేపదే అడిగారు. సమాజం పక్కకి నెట్టేసిన మనుషుల గురించి రాశాం అన్నారు బ్యాండ్ వాళ్లు. 1984లో, మెటల్ బ్యాండ్, ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ ఏడాదే అమెరికాలో కిస్ బ్యాండ్‌కి ముందు వాయించారు, ఆగస్టులో ఇంగ్లాండ్‌లో డానింగ్టన్ మైదానంలో ఏసీడీసీ, వాన్ హేలెన్ బ్యాండ్లు ఉన్న రోజే వీళ్లూ వేదిక ఎక్కారు.

1985, మెటల్ హార్ట్. ఈసారి డీర్క్స్ స్వయంగా నిర్మాత. ఆయన చాలా పట్టుదల మనిషి, అందుకే ఈ ప్లేటు శుభ్రంగా, మెరుస్తూ వినిపిస్తుంది. పేరు పాట చైకోవ్‌స్కీ స్లావిక్ మార్చ్‌తో మొదలవుతుంది, మధ్యలో గిటార్ సోలో ఎక్కడికి వెళ్తుందంటే బీథోవెన్ రాసిన ఫ్యూర్ ఎలీజెకి. మన పిల్లలు ఇక్కడ పియానో క్లాసులో మొదట నేర్చుకునే ముక్క ఉంటుందే, అదే! మీ పిల్లల చేత అది పియానో మీద వాయించి, వెంటనే ఈ ప్లేటు పెట్టండి, వాళ్ల మొహాలు చూడండి. హాఫ్‌మన్‌కి శాస్త్రీయ సంగీతం అంటే ప్రాణం, తర్వాత దాని మీదే సొంతంగా ఆల్బమ్‌లు చేశాడు. బీథోవెన్ పుట్టిన బాన్ కూడా మన చుట్టుపక్కలే, పరాయి ఇంటి సొమ్మేమీ తీసుకోలేదు ఆయన.

అదే ఏడాది సెప్టెంబరులో జపాన్ వెళ్లారు. నగోయాలో వాయించినది ఆరు పాటల చిన్న ప్లేటుగా వచ్చింది, కైజోకు బాన్ అని. ఒసాకాలో వాయించినది 1990 దాకా ఆగి స్టేయింగ్ ఎ లైఫ్ పేరుతో వచ్చింది. జపాన్ ప్లేట్లకు అట్ట చుట్టూ ఒక కాగితపు పట్టీ ఉంటుంది, ఓబీ అంటారు. ఆ పట్టీ ఉంటే ఒక ధర, లేకపోతే ఒక ధర, తేడా చూసి కళ్లు తిరుగుతాయి. జపాన్ వాళ్లు ప్లేటుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటారంటే, నలభై ఏళ్ల తర్వాత కూడా కొత్తదానిలా చేతికి వస్తుంది. పాటల మాటలు అచ్చువేసిన కాగితం కూడా మడత చెడకుండా లోపలే ఉంటుంది.

1986లో రష్యన్ రూలెట్. ఆ తర్వాత విడిపోయారు. ఈ భాగం తొందరగా చెప్పేస్తాను. 1987లో ఊడో తన పేరు మీదే బ్యాండ్ పెట్టుకున్నాడు, తమాషా ఏంటంటే ఆ మొదటి ప్లేటుకి పాటలు రాసిచ్చింది యాక్సెప్ట్ వాళ్లే. వీళ్లు డేవిడ్ రీస్ అనే అమెరికన్ గాయకుడితో 1989లో ఈట్ ద హీట్ చేశారు. మంచి గాయకుడే, కానీ ఆ గొంతు లేకుండా అభిమానులకు ఎక్కలేదు. 1992లో ఊడో తిరిగొచ్చాడు, మూడు ఆల్బమ్‌లు చేశారు, కౌఫ్‌మన్‌కి నడుము నొప్పి ముదిరి డ్రమ్ములు వదిలేయాల్సి వచ్చింది, 1997కి మళ్లీ ఆగిపోయారు. హాఫ్‌మన్ అమెరికాలో ఫొటోగ్రాఫర్‌గా స్థిరపడ్డాడు. ఆ రోజుల్లో అంతా సీడీలే, ప్లేట్లు చాలా తక్కువ వేసేవాళ్లు, కాబట్టి ఆ కాలపు ప్లేటు ఏదైనా అసలుది కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి.

ఇక అయిపోయింది అనుకున్నారు అందరూ. 2009లో మార్క్ టోర్నిల్లో అనే అమెరికన్ గాయకుణ్ని పట్టుకుని మళ్లీ మొదలెట్టారు. ఊడో లేకుండా యాక్సెప్టా అని జనం కోప్పడ్డారు. 2010లో బ్లడ్ ఆఫ్ ద నేషన్స్ వచ్చింది, జనం నోళ్లు మూతపడ్డాయి. 2014లో బ్లైండ్ రేజ్ జర్మనీ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. 1979లో మొదటి ప్లేటు వేసినవాళ్లు, ముప్పై అయిదేళ్ల తర్వాత సొంత దేశంలో మొదటి స్థానం! నాకు ఈ విషయం చెప్పినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. 2024లో హ్యూమనాయిడ్ వచ్చింది. ఊడో కూడా ఆగలేదు, 2018లో యాక్సెప్ట్ వదిలేసిన బాల్టెస్ ఇప్పుడు ఊడోతో వాయిస్తున్నాడు. రెండు ఇళ్లుగా విడిపోయిన అన్నదమ్ముల్లా ఉన్నారు, రెండు ఇళ్లలోనూ పాత పాటలే మోగుతున్నాయి. ఏ ఇంటివైపు ఉండాలి అని నన్ను అడగకండి, రెండు చోట్లకీ వెళ్తాను.

ఈ కొత్త ఆల్బమ్‌లు గంటకి పైగా ఉంటాయి కొన్ని. ఒక వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే గాడులు దగ్గర దగ్గరగా పడాలి, అప్పుడు శబ్దం తగ్గించి గాడి కొయ్యాలి, బేస్ పలచబడుతుంది. అందుకే వాటిని రెండు ప్లేట్లుగా వేస్తారు. ఎరుపు, బంగారు రంగు, చారలు, ఎన్నో రకాలు. రంగు ప్లేటు బాగా నొక్కితే నల్లదాని లాగే వినిపిస్తుంది, భయం లేదు. లోపల బొమ్మ కనిపించే పిక్చర్ డిస్క్ మాత్రం గోడకి అందం, చెవికి గరగర. అది నా గట్టి అభిప్రాయం.

ఇక కొనాలనుకునేవాళ్లకి. లేబుల్‌కీ చివరి పాటకీ మధ్య నున్నటి చోటు ఉంటుంది, అక్కడ ముల్లుతో గీసినట్టు అంకెలు, అక్షరాలు ఉంటాయి. ఏ కోత నుంచి వచ్చిన ప్లేటో అవి చెప్తాయి. అమ్మేవాడి మాట కన్నా ఆ అంకెలు నమ్మండి, ఫోన్ టార్చ్ వేసి ఏటవాలుగా చూడండి. 1980ల జర్మన్ ప్లేట్ల మీద కొన్నిచోట్ల డీఎమ్ఎమ్ అని ముద్ర ఉంటుంది. మామూలుగా లక్క పూసిన పళ్లెం మీద గాడి కోసి, దాన్నుంచి అచ్చులు తీస్తారు. డీఎమ్ఎమ్ అంటే డైరెక్ట్ మెటల్ మాస్టరింగ్, జర్మనీలో టెల్డెక్ వాళ్లు, నాయ్‌మన్ వాళ్లు తెచ్చిన పద్ధతి, నేరుగా రాగి మీద కోస్తారు, గరగర తగ్గుతుంది. కొంతమందికి ఆ శబ్దం మరీ కోసుగా అనిపిస్తుంది. మెటల్‌కి నాకు అది బాగానే ఉంటుంది. ప్లేట్లు నొక్కే ఫ్యాక్టరీలు ఈ దేశంలో మూతపడ్డాక కూడా డీప్‌హోల్జ్‌లో పాలస్, రోబెల్‌లో ఆప్టిమల్ నిలబడ్డాయి, ఈ రోజు ప్రపంచం నలుమూలలకీ అక్కణ్నుంచి వెళ్తున్నాయి.

మొదటిసారి కొనేవాళ్లు బాల్స్ టు ద వాల్ కొనండి. విరివిగా దొరుకుతుంది, చవక. రెండోది రెస్ట్‌లెస్ అండ్ వైల్డ్. మొదటి ఆల్బమ్‌కి తొందరపడకండి, అది అభిమానం ముదిరాక కొనేది. పాత ప్లేటు తెచ్చాక ముందు కడగండి, కుళాయి నీళ్లు వద్దు, శుద్ధి చేసిన నీళ్లు, మెత్తటి గుడ్డ, లేబుల్ తడవకుండా. చాలాసార్లు ప్లేటు అరిగిపోలేదు, మురికి పట్టింది అంతే.

ఇండియాకి తీసుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఇది పీవీసీ. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో కారు వెనక సీట్లో పెట్టి భోజనానికి వెళ్తే, వచ్చేసరికి వంకర పోతుంది. చేతి సంచిలో, నిలబెట్టి తీసుకెళ్లండి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. పాత జర్మన్ ప్లేయర్ కూడా తీసుకెళ్లొచ్చు, మనకి ఇక్కడా అక్కడా కరెంటు ఒకటే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్, అదే వేగంతో తిరుగుతుంది. అమెరికాలో అన్నయ్యకి పంపుతాను అంటే మాత్రం ఆగండి. అక్కడ 60 హెర్ట్జ్, కరెంటు లెక్క మీద నడిచే పాత మోటారైతే ఐదో వంతు వేగం పెరుగుతుంది, ఊడో గొంతు చిన్నపిల్లాడి గొంతులా వినిపిస్తుంది. కొన్ని ప్లేయర్లలో దానికి వేరే కప్పీ ఇస్తారు, అది ఉందో లేదో ముందు అడగండి. కొత్త యాంప్లిఫయర్లకు పాత ప్లేయర్ నేరుగా తగిలిస్తే పీలగా వినిపిస్తుంది, ప్లేటు కోసేటప్పుడు బేస్ తగ్గించి కోస్తారు, దాన్ని తిరిగి పెంచే ఫోనో ప్రీయాంప్ మధ్యలో ఉండాలి. అది లేక చాలామంది ప్లేటు బాగోలేదని పక్కన పడేస్తారు.

నా మాటలు ఇంతే. ప్లేయర్ అక్కడ కిటికీ పక్కన పెట్టాం, రెస్ట్‌లెస్ అండ్ వైల్డ్ మొదటి వైపు వేస్తాను. చిన్నపిల్లల్ని స్పీకర్ల దగ్గర్నుంచి కాస్త వెనక్కి తీసుకెళ్లండి. ప్రశ్నలున్నవాళ్లు అది అయ్యాక అడగండి, ఎందుకంటే అది మోగుతున్నంతసేపూ మీరు ఏం అడిగినా నాకు వినపడదు.